ఆరో వాక్యం కింద నా సంతకం

ఇంగ్లీషు మీద నాకు చిన్నప్పటి నుంచీ ఒక కోపం ఉంది. క్రియ పక్కన ఒక బుల్లి మాట తగిలించి, అర్థం మొత్తం తారుమారు చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. గివ్ అంటే ఇవ్వడం. అప్ అంటే పైకి. రెండూ కలిస్తే పైకి ఇవ్వడం కావాలి కదా? కాదట, మానేయడమట! ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో మొదటిసారి ఈ గివ్ అప్ ఎదురైనప్పుడు నేను డిక్షనరీ మూసేసి ఏడ్చాను. అలా ఏడ్చినదాన్ని ఇప్పుడు శేరిగూడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. ఏడిపించే వంతు నాకు వచ్చింది.

ఆ గివ్ అప్ పాఠమంటే నాకు ప్రాణం. బోర్డు మీద ఆ ఒక్క మాట రాసి, కింద తెలుగు మాటలు గుట్టగా పోస్తాను. బీడీ మానేస్తాం. బస్సులో సీటు ఇచ్చేస్తాం. పోలీసులకు లొంగిపోతాం. పిల్లల కోసం మన సుఖం వదులుకుంటాం. డాక్టర్లు చేతులెత్తేస్తారు. పొడుపుకథ విప్పలేకపోతే 'ఓడిపోయిన, ఇగ నువ్వే చెప్పు' అంటాం. మనకు ఇన్ని మాటలు కావలసి వచ్చిన చోట ఇంగ్లీషువాడు ఒక్క గివ్ అప్‌తో సరిపెడతాడు. పోనీ పొదుపరి అనుకుందామా అంటే క్విట్, సరెండర్, శాక్రిఫైస్, అబాండన్, రెలింక్విష్ అని పెద్ద పెద్ద మాటలు పెట్టెలో దాచుకుని ఉంటాడు. ఆ చివరి మాట ఇప్పటికీ నాకు ఒక్క ప్రయత్నంలో నోరు తిరగదు. పిల్లలకు మాత్రం చెప్పను.

మా దగ్గర ఇంగ్లీషుకు కూడా ల్యాబ్ ఉంటుంది. ల్యాబ్ అన్నాక రికార్డు ఉంటుంది. రికార్డు అన్నాక పోయిన ఏడాది వాళ్లది చూసి ఈ ఏడాది వాళ్లు ఎక్కించడం ఉంటుంది. గివ్ అప్ పేజీకి వచ్చేసరికి ఏ ఏడాది చూసినా ఒకటే వాక్యం. డాక్టరు చెప్తే మా మామయ్య సిగరెట్ మానేశాడు. అరవై మంది పిల్లలు, అరవై మంది మామయ్యలు, అందరూ ఒకే రోజు సిగరెట్ మానేస్తారు. ఒక ఏడాది నాకు తిక్క రేగింది. బల్ల మీద డస్టర్ కొట్టి చెప్పాను.

"ఈసారి ఒక్క మామయ్య కనబడినా రికార్డు చింపేస్తాను. ఆరు అర్థాలకు ఆరు వాక్యాలు. ఆరూ మీ ఇంట్లోంచి రావాలి. తప్పులుంటే నేను దిద్దుతాను."

ఇది చెప్పి స్టాఫ్ రూముకు వచ్చి, పక్క సీటు మేడమ్‌తో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆమె చాయ్ తాగుతూ, "నువ్వు చదువుతావా ఏంది అవన్నీ?" అంది. "ఎందుకు చదవను?" అన్నాను.

చదవలేదు.

రికార్డులు వచ్చిన వారమే కాలేజీ తనిఖీకి ఎవరో వస్తున్నారన్నారు. అన్ని ల్యాబుల రికార్డుల మీద సంతకాలు ఉండాలని ప్రిన్సిపాల్ సారు కబురు. మా పిల్లలకు ఒక అలవాటు ఉంది. సంతకం కావలసిన పేజీ తెరిచి, ఒక రికార్డు మీద ఇంకొకటి, తెరిచినవి తెరిచినట్టే పేర్చి తెచ్చి బల్ల మీద పెడతారు. మేడమ్ పేజీ వెతుక్కునే శ్రమ కూడా ఉండొద్దని. పైదాని మీద గుడ్ అని రాయడం, సంతకం, తేదీ, పక్కకు తోసేయడం. కింద ఇంకొకటి తెరిచే ఉంటుంది. పక్క సీటు మేడమ్‌తో కూరలో ఏమేసిందో మాట్లాడుతూనే ఒక సెక్షన్ పూర్తి చేశాను. తప్పులు దిద్దుతానన్న మాట నాకు గుర్తు కూడా రాలేదు. అందరం చేసేదే కదా, నేనూ చేశాను.

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక, సెలవులు గడిచి కాలేజీ తెరిచిన మొదటి వారంలో, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఒకాయన నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాల, చేతిలో ఎరువుల దుకాణం పేరున్న సంచి. కందుకూరు దిక్కు ఊరు, వ్యవసాయం అని చెప్పాడు. తన బిడ్డ మా దగ్గర చదువుతుందట. ఒక కాగితం నా ముందు పెట్టాడు. నో డ్యూస్ ఫారం. పిల్లలు కాలేజీ వదిలి వెళ్లేటప్పుడు లైబ్రరీ, ల్యాబులు, అన్ని డిపార్టుమెంట్ల వాళ్లూ మాకేం బాకీ లేదని సంతకం చేస్తేనే ఆఫీసులో సర్టిఫికెట్లు వాపసిస్తారు. ఫారం మీద అప్పటికే సంతకాలు నిండాయి. లైబ్రరీ దగ్గరా, ఇంగ్లీషు దగ్గరా ఖాళీ ఉంది.

"నమస్తే మేడమ్. జర గిక్కడ మీ సంతకం గావాల్నట."

పెన్ను క్యాప్ తీశాను. తీస్తూ తీస్తూ నా నోరు ఊరుకోలేదు. ఆడపిల్లను రెండో సెమిస్టర్‌లో మానిపిస్తే నాకు తోచేది ఒక్కటే.

"ఏందన్నా, పెండ్లి జేస్తున్నరా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "పెండ్లేంది మేడమ్! మొన్ననే పద్దెనిమిది నిండినయి దానికి. నేనేడ మానిపిస్తున్న? దానికే సదువు ఎక్కుతలేదట. మీకు గూడ రాసిచ్చిందట గదా. మీరు మంచిదన్నరట."

"నేనా?"

"అవ్ మేడమ్. ఇంగ్లీషు మేడమ్‌కు ముందే చెప్పిన బాపూ, మేడమ్ మంచిదన్నదీ అన్నది. మీరే మంచిదన్నంక ఇగ నేనేమంట?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల ముఖమే నాకు గుర్తుకు రావడం లేదు, అలాంటిది నేను చదువు మానెయ్యమన్నానని తండ్రికి చెప్తుందా! "అన్నా, మీ బిడ్డ అబద్ధం జెప్తున్నది. నేను ఆ పిల్లతోని ఒక్కనాడు గూడ మాట్లాడలే," అన్నాను. గొంతు పెరిగింది. పక్క సీటు మేడమ్ తిరిగి చూసింది.

ఆయన కింద కూర్చుని సంచి విప్పాడు. రెండు లైబ్రరీ పుస్తకాలు, తాడుతో సహా ఐడీ కార్డు, ఉతికి మడతపెట్టిన తెల్ల ఏప్రాన్ ఒక్కొక్కటీ తీసి నా బల్ల మీద పెట్టాడు. ఏప్రాన్ వాళ్లు కొనుక్కున్నదే, కాలేజీది కాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. కాలేజీకి వేసుకుపోయింది గనక కాలేజీదే అనుకున్నాడు. అన్నిటికంటే అడుగున మా ఇంగ్లీషు రికార్డు.

"నా బిడ్డ అబద్ధమాడది మేడమ్. గిండ్ల రాసిన్రట మీరు. నాకు సదువ రాదు. మీరే సూడుండ్రి."

రికార్డు మధ్యలో ఒక చిట్టీ పెట్టి ఉంది. అక్కడ తెరిచాను.

గుండ్రటి అక్షరాలు. తెలుగు రాసి రాసి ఇంగ్లీషుకు మళ్లిన చేయి అని చూడగానే తెలుస్తుంది. గివ్ అప్, ఆరు అర్థాలు, ఆరు వాక్యాలు. నాకు సీటు వచ్చిన రోజు మా బాపు బీడీ మానేశాడు. బస్సులో నేను రోజూ ఎవరికో ఒకరికి సీటు ఇచ్చేస్తాను, నిలబడితే దారిలో బోర్డులన్నీ చదువుకోవచ్చు. ఎంత అరిచినా మా కుక్క నా చెప్పును ఇచ్చేయదు. ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది కూడా. నాలుగోది చదివాను. నేను కాలేజీలో ఉంటాను కాబట్టి బర్రెల పాలు పిండేవాళ్లు లేక, మా అమ్మ ఈసారి బతుకమ్మకు తల్లిగారింటికి పోవడం వదులుకుంది. ఐదోది. మేడమ్ నవ్విన రోజు నుంచి నేను క్లాసులో డౌట్లు అడగడం మానేశాను.

ఏ మేడమ్? ఎవరు నవ్వారు?

ఆరోది. ఈ సెమిస్టర్ అయిపోగానే నేను ఇంజనీరింగ్ మానేస్తాను. ఇంట్లో ఎవరికీ ఇంకా తెలియదు. మేడమ్, ఇది తప్పైతే దయచేసి దిద్దండి.

దాని కింద ఎర్ర సిరాతో గుడ్. దాని కింద నా సంతకం. తేదీ.

ఆ అక్షరాలు నావే. ఎంత తొందరలో రాశానంటే గుడ్ మధ్యలో ఉండే రెండు 'ఓ'లు కలిసిపోయి ఒక గీత అయ్యాయి. ఒక పిల్ల తన ఇంటిని, తన కడుపులో మాటను, నేను అడిగితేనే, నేను దిద్దుతానంటేనే కాగితం మీద పెట్టింది. తప్పా ఒప్పా చెప్పమంది. నేను పక్క సీటు మేడమ్‌తో కూర సంగతి మాట్లాడుతూ బాగుందన్నాను. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత దిమ్మ తిరిగేది కాదు. ఇందాక ఆ పిల్లది అబద్ధమని అరిచింది కూడా నేనే.

"ఏం రాసిన్రు మేడమ్?" అన్నాడాయన.

పెన్ను మూసేసి, ఫారం ఆయన చేతికిచ్చి, రికార్డు తీసుకుని లేచాను. "అన్నా, నీ బండి ఉన్నదా? నన్ను మీ ఇంటికి తీస్కపో."

బండి వెనక కూర్చుని పోతుంటే ఆ నవ్వు గుర్తొచ్చింది. క్లాసులో మూడో బెంచీ నుంచి ఒక సన్నటి పిల్ల లేచి తెలుగులో అడిగింది. "మేడమ్, ఒక్క మాటకు గిన్ని అర్థాలుంటె, అవతలోళ్లు ఏదంటున్నరో మనకెట్ల తెలుస్తది?" ఎంత మంచి ప్రశ్న! ఇంటర్‌లో డిక్షనరీ మూసి నేను ఏడ్చింది కూడా ఆ ప్రశ్నకే. కానీ ఆ రోజు నేను మేడమ్‌ని కదా. "ముందు ఇంగ్లీషులో అడుగు తల్లీ, అప్పుడు చెప్తా," అన్నాను. ఆమె హౌ అంది, వుయ్ అంది, ఆగింది, మళ్లీ హౌ అంది. నేను నవ్వాను. నా లెక్కలో అది ముద్దుగా నవ్విన నవ్వు. మేడమ్ నవ్వింది కాబట్టి క్లాసంతా నవ్వింది. గంట కొట్టారు. జవాబు నేను చెప్పనేలేదు.

ఇల్లు ఊరికి ఇవతలే, టమాటా తోట పక్కన. వాకిట్లో ప్లాస్టిక్ ట్రేలు, కాయలు ఏరుతూ తల్లీ బిడ్డా. నన్ను చూడగానే పిల్ల లేచి, చేతులు లంగాకు తుడుచుకుని, క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది. తల్లి నాకు కుర్చీ వేసి నీళ్లిచ్చింది. కుక్క ఒకటి వచ్చి నా చెప్పుల దగ్గర చేరింది. ఇదేనన్నమాట.

"మేడమ్, సంతకం పెట్టిన్రా?" అంది పిల్ల.

చెప్పవలసింది ఒక్క ముక్కే. దాన్ని ఇంగ్లీషులో చెప్పాలో తెలుగులో చెప్పాలో కూడా తోచక నీళ్లు మొత్తం తాగాను. చివరకు మా ఇంటి తెలుగులోనే చెప్పాను.

"నేను చదువలే బిడ్డా. నువ్వు రాసింది నేను చదువలే."

ఆమెకు అర్థం కాలేదు. "చదువలేదా? గుడ్ అని రాసిన్రు గదా మేడమ్."

"అందరికీ రాసిన."

"అందరికా?"

ఆ పిల్ల ముఖం చూశాక నా వయసు, నా ఉద్యోగం, నా ఎర్ర పెన్ను అన్నీ ఎక్కడైనా పాతిపెట్టాలనిపించింది. నేను మానెయ్యమన్నానని అనుకున్నప్పుడు కూడా ఆమె అంత దెబ్బ తిని ఉండదు. "నాకొక్కదానికే రాసిన్రనుకున్న," అంది మెల్లగా. "వేరేటోళ్లవి చూడలే. మీరు చదివిన్రు, ఆలోచన జేసిన్రు, మంచిదే అన్నరు అనుకున్న. నేను సంబురపడ్డ మేడమ్, ఎవ్వరికి చెప్పంది మీకు చెప్పిన అని."

తండ్రికి ఓపిక అయిపోయింది. "అసలు ఏమున్నదే గండ్ల? ఎవలన్న చెప్పుండ్రి!"

రికార్డు ఒళ్లో పెట్టుకుని తెలుగులో చదివాను. మొదటి వాక్యం వినగానే ఆయన చేయి దానంతటదే చొక్కా జేబు మీదకు పోయింది. జేబులో కట్ట ఆకారం కనబడుతూనే ఉంది. భార్య ఆయన వైపు ఒక చూపు చూసింది. "సగం మానిన," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. కుక్క, చెప్పు, బస్సు దాటి బతుకమ్మ దగ్గరికి వచ్చాను. చదివాక తల్లి చేతిలో కాయ ట్రేలో పెట్టేసింది.

"నేను పోలేదని నీకెవలు జెప్పిన్రే? నేను ఏనాడన్న అన్ననా? గందుకు సదువు మానుతవా నువ్వు? నన్ను అడిగినవా?" నా వైపు తిరిగింది. "సదువు ఎక్కుతలేదు అమ్మా అన్నది మేడమ్! నేను నమ్మిన. ఎక్కకపోతే ఎట్లనే, నువ్వు ఊర్ల అందరి దరఖాస్తులు రాస్తవు గదా అని గూడ అన్న."

పిల్ల తల వంచుకుంది. ఐదో వాక్యం దగ్గర నేను ఆగాను. "అది వద్దు మేడమ్," అంది ఆమె. నన్ను కాపాడడానికి ఆ పిల్ల ముందుకు రావడం ఒక్కటే ఇక తక్కువ. చదివాను. మేడమ్ నవ్విన రోజు నుంచి డౌట్లు అడగడం మానేశాను.

"ఏ మేడమ్ నవ్వింది?" తండ్రి గొంతులో ఆ మధ్యాహ్నం మొదటిసారి కోపం విన్నాను.

"నేనే అన్నా."

ఆయన నన్ను తిట్టినా బాగుండేది. ఆరోది చదివి రికార్డు మూశాను. ఫారం మీద సంతకం పెట్టను అన్నాను. నీ ఆరో వాక్యం తప్పు, ఇప్పుడు దిద్దుతున్నాను అన్నాను. నా మాటలు నాకే నాటకంలా వినిపించాయి. పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, పొగరు లేదు.

"మీరు పెట్టకుంటె ఇంకో మేడమ్ పెడ్తది. గండ్ల ఏమున్నదో ఎవ్వరు చదువరు గదా."

నిజమే. ఫారంలో కాలేజీ వదిలే కారణం అని ఒక గీత ఉంది. అక్కడ ఆమె ఏమీ రాయలేదు. ఖాళీ గీత మీదుగా నా తోటివాళ్లు అందరూ సంతకాలు చేసుకుంటూ పోయారు. నేనూ చేసేదాన్నే, అప్పటికే పెన్ను మూత తీశాను కదా.

తల్లి లేచింది. భర్త చేతిలోంచి ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర దోపుకుంది. "వచ్చే బతుకమ్మకు నేను మా తల్లిగారింటికి పోత. తొమ్మిది దినాలు ఉంట. బర్లను మీ బాపు పిండుతడు. నువ్వు సోమవారం కాలేజికి పో."

"నాకు పిండొస్తదా?" అన్నాడాయన.

"బీడీ మానుడు వచ్చినట్టే వస్తది తియ్."

సోమవారం వస్తుందో రాదో అని ఆదివారమంతా నాకు అన్నం సయించలేదు. వచ్చింది. మూడో బెంచీలో కూర్చుంది, నా వైపు చూడలేదు. నేను ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడాను. "ఒకమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది, నేను నవ్వాను. నవ్వవలసింది కాదు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే అవతలి మనిషి ఏదంటున్నాడో ఎలా తెలుస్తుందీ అని. ముందు వాక్యం, వెనక వాక్యం కూడా చదివితే తెలుస్తుంది. ఊరికే ఆ మాట ఒక్కటీ చూస్తే ఎన్నటికీ తెలియదు." ఎవరూ నవ్వలేదు. మూడో బెంచీ కూడా కదల్లేదు. క్షమించేసిందని నేనేమీ అనుకోలేదు.

ఆ వారం ల్యాబ్ అయ్యాక పిల్లలు ఎప్పటిలాగే రికార్డులు తెరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. తన రికార్డు ఆ గుట్టలో పెట్టలేదు. చేతిలో పట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"చదువుండ్రి మేడమ్. నేను ఈడనే ఉంట."

చదివాను. వేలు పెట్టి, ఒక్కో గీత కిందా జరుపుతూ, మొదటి తరగతి పిల్లలా చదివాను. రెండు తప్పులు దిద్దాను. సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె తీసుకుంది గానీ వెళ్లలేదు. రికార్డు మూసి, నాకు కనబడకుండా గుండెకు ఆనించి పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పుండ్రి, ఏం రాసిన?"

అప్పటి నుంచి ప్రతి వారం ఇదే. ఆమె వెనక ఇంకో నలుగురైదుగురు నిలబడడం మొదలుపెట్టారు. పక్క సీటు మేడమ్ మొదట్లో నవ్వేది, ఇప్పుడు తన గుట్ట తీసుకుని వేరే గదికి పోతుంది. వాళ్లు రాసింది రాసినట్టు నేను ఒప్పజెప్తాను. ఒక్క వాక్యం మరిచిపోయినా ఆ పిల్ల అక్కడి నుంచి కదలదు, రికార్డు మళ్లీ తెరిచి నా ముందు పెడుతుంది.